గుడ్డు పీతకి ఎక్కువ ధర కట్టేది మనమే

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళ్లండి, లేదా ఇంట్లోనే కూర్చుని ఫోన్‌లో యాప్ తెరవండి. పీతల దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల రెండు రేట్లు ఉంటాయి. మామూలు పీతకి ఒకటి, గుడ్డున్న ఆడ పీతకి ఒకటి. రెండోదే ఎక్కువ. డిప్ప తీయగానే లోపల నారింజ రంగులో గడ్డకట్టినట్టు కనపడే ఆ గుడ్డు కోసం మనవాళ్లు ఎంతైనా పెడతారు. "అన్నా, గుడ్డువి తీస్కో, మస్తుంటయ్" అని అమ్మే ఆవిడ చెప్తుంది. ఆవిడ తప్పేం లేదు, అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి తెస్తోంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. గోదావరి, కృష్ణా మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసే చోట, బోన్లు వేసి పీతలు పట్టుకుని బతికే చిన్న జాలరుల వృత్తి పదికాలాల పాటు నిలవాలంటే ముందు మారాల్సింది ఈ రేటు. బోను మార్చొచ్చు, చట్టం తేవచ్చు, హేచరీలు పెట్టొచ్చు. అవన్నీ కావాలి, వాటి గురించీ రాస్తాను. కానీ గుడ్డు పీతకి మగ పీత కన్నా ఎక్కువ డబ్బు వస్తున్నంత కాలం, దాన్ని తిరిగి నీళ్లలో వదిలెయ్యమని ఏ జాలరికైనా చెప్పే అర్హత మనకి లేదు.

మాది కాకినాడ దగ్గర, కోరంగి మడ అడవిని ఆనుకుని ఉన్న ఊరు. చదువుకీ ఉద్యోగానికీ హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో స్థిరపడ్డాను. మా మేనమామ కొడుకు మాత్రం ఊళ్లోనే ఉన్నాడు. అభయారణ్యం హద్దులకి బయట, ఉప్పుటేరుల్లో బోన్లు వేస్తాడు. పండక్కి వెళ్లినప్పుడల్లా నేనూ ఆయన నావ ఎక్కుతాను. ఇక్కడ రాసేదాంట్లో సగం అక్కడ చూసింది, మిగతాది దాని గురించి ఏళ్లుగా చదువుకున్నది.

బోను పెద్ద యంత్రమేమీ కాదు. ఇనుప చువ్వల చట్రం, దాని చుట్టూ నైలాన్ వల, రెండు పక్కలా లోపలికి సన్నబడుతూ పోయే నోళ్లు. మధ్యలో చిన్న సంచిలో ఎర. చేప తలకాయలు, కోడి పేగులు, ఆ పూట ఏది చవగ్గా దొరికితే అది. వాసన పట్టుకుని వచ్చిన పీత వాలుగా ఉన్న నోట్లోంచి లోపలికి దిగుతుంది, మళ్లీ ఆ సన్నటి సందు వెతుక్కుని బయటికి రాలేదు. పైన తాడు చివర ఖాళీ ప్లాస్టిక్ సీసా తేలుతూ ఉంటుంది, అదే గుర్తు. పోటు మొదలయ్యేటప్పుడు వేస్తారు, నీళ్లు తీసేలోపు ఎత్తుతారు.

ఎత్తేటప్పుడు చూడాలి. బావ బోను మూత విప్పి, పీతని వెనక కాళ్ల వైపు నుంచి పట్టుకుని తిప్పుతాడు. పొట్ట కింద మడతలా ఉండే రేకు సన్నగా, కోసుగా ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా, కాస్త నల్లబడి ఉంటే ఈడొచ్చిన ఆడది. ఆ రేకు అంచుని వేలితో కొద్దిగా కిందికి నొక్కితే లోపల గుడ్డు రంగు తెలుస్తుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. తర్వాత నావలో పెట్టి, కాలితో డిప్పని అదిమిపట్టి, డెక్కలు రెండూ మడిచి తాడుతో బిగించేస్తాడు. కట్టిన పీత తడి గోనెలో ఉంచితే కొన్ని రోజుల పాటు బతికే ఉంటుంది. మొప్పలు తడారకపోతే చాలు. హైదరాబాద్ దాకా ప్రాణంతో రాగలుగుతోందంటే అందుకే.

ఈ రెండు మూడు సెకన్లే నా వాదనకి మూలం. మర పడవలు సముద్రం అడుగున ఈడ్చే ట్రాలు వలలో పీత పడితే దాని మీద మణుగుల కొద్దీ చేప, బురద పడతాయి. పైకి వచ్చేసరికి బతికి ఉండేదెంతో చెప్పలేం. చిక్కు వలలో పడితే కాళ్లు విరక్కుండా విడదీయడం కష్టం, విడదీసేందుకు ఓపికా ఉండదు. బోనులో పడ్డ పీత మాత్రం దెబ్బ తగలకుండా పైకి వస్తుంది. చేతిలోకి తీసుకుని చూడొచ్చు, ఉంచుకోవాలా వదలాలా అని ఆలోచించొచ్చు, వదిలితే బతుకుతుంది. వేటలో ఇంత వెసులుబాటు ఇచ్చే పనిముట్టు అరుదు. ఆ వెసులుబాటుని మనం వాడుకోవడం లేదు. పైగా తలకిందులుగా వాడుకుంటున్నాం. వదలాల్సినదాన్ని గుర్తుపట్టి మరీ ఎక్కువ ధరకి పక్కన పెడుతున్నాం.

ఎందుకు వదలాలో అర్థం కావాలంటే మడ అడవుల బురదలో పెరిగే ఈ మండ పీత బతుకు కొంచెం తెలియాలి. ఆడ పీత పెంకు విడిచి మెత్తగా ఉన్నప్పుడే జతకడుతుంది. మగది అంతకు ముందు నుంచే దాన్ని తన కిందే పొదివి పట్టుకుని తిరుగుతుంది. పెంకు విడిచాక అది గట్టిపడే దాకా కాపలా కాస్తుంది. జత కలిసిన తర్వాత ఆడది ఆ వీర్యాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది, దానితో ఒకటికి మించి విడతలు గుడ్లు పెట్టగలదు. లోపల గుడ్డు పండాక మడ అడవి వదిలి, ఉప్పుటేరు దాటి, మొగ దాటి సముద్రంలోకి వెళ్తుంది. అక్కడే గుడ్లు బయటికి వచ్చి పొట్ట కింది రేకుకి అంటుకుంటాయి. పెద్ద పీత అయితే ఒక్క విడతకే 20 లక్షలు దాటొచ్చు. పది పన్నెండు రోజులకి పిల్లలు విడివడతాయి, మూడు నాలుగు వారాలు సముద్రంలో రూపాలు మార్చుకుంటూ తేలతాయి, బతికినవి పోటుతో మళ్లీ మడ వేళ్ల మధ్యకి చేరతాయి. లక్షల్లో బయల్దేరితే చేరేవి అతి కొద్ది. అందుకే ప్రకృతి అన్ని లక్షలు పెట్టింది.

ఇప్పుడు మన పళ్లెంలో నారింజ రంగు గుడ్డు దగ్గరికి రండి. అది సముద్రానికి బయల్దేరడానికి సిద్ధమైన, లేదా అప్పటికే దారిలో ఉన్న పీత. పెంకు విడవడం, జత, నెలల తరబడి తిండి, అన్నీ పూర్తయ్యాక, ఇంకొన్ని వారాల్లో పిల్లల్ని వదిలే సమయానికి దాన్ని పట్టుకుంటున్నాం. మిగతా పీతల కన్నా దానికి ఎక్కువ విలువ ఉందన్నది నిజమే. కాకపోతే ఆ విలువ ఉప్పుటేరుది.

పులస విషయంలో ఇదే చేశాం. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని గోదావరి వాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే చేపని దారిలోనే పట్టి వేలకి వేలు పెట్టి కొంటాం. కడుపులో జన (గుడ్లు) ఉంటే ఇంకా మురిసిపోతాం. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారి ఎప్పుడో మూసింది, మిగిలిన దారిలో మనం వలలు కట్టాం. ఇవాళ గోదావరి జిల్లాల్లో అసలైన పులస దొరకడమే వార్త. పీత ఆ స్థితికి ఇంకా రాలేదు. రాకముందే మాట్లాడుకోవాలనే ఈ వ్యాసం.

గుడ్డు ఒక్కటే కాదు, సైజు కూడా ఉంది. మన దగ్గర మండ పీత ఈడుకి రావడానికి ఇంచుమించు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అరచేతిలో ఇమిడే పీతలు, పట్టుమని పావుకిలో తూగనివి, కుప్పలు పోసి చవగ్గా అమ్మేస్తుంటారు. సూప్‌కి, పులుసుకి బాగుంటాయంటారు. వాటిలో మాంసం ఎంత? ఎగుమతి వ్యాపారంలో పీతని బరువుని బట్టి గ్రేడు కడతారు, పెద్ద గ్రేడుకి కిలో ధరే ఎక్కువ. అంటే పావుకిలో పీత ఇంకొన్ని నెలలు ఉండి అరకిలో అయితే బరువు రెట్టింపు, దాని మీద కిలో రేటు కూడా పెరుగుతుంది. జాలరి ఎక్కువ వేటాడకుండానే ఎక్కువ సంపాదించే దారి ఇది.

"మరి చిన్నవాటిని వదిలెయ్యొచ్చు కదా బావా" అంటే బావ నవ్వలేదు, కోప్పడలేదు. "నేను వదుల్తాను సరే, అవతల పాయలో బోనేసినోడు వదుల్తాడా? రేపు అదే పీత ఆడి బోనులో పడుద్ది. పొద్దున్న సావుకారు కాటా దగ్గర ఆడికి డబ్బులొత్తాయి, నాకు రావు" అన్నాడు. దీనికి పుస్తకాల్లో పెద్ద పెద్ద సిద్ధాంతాలు ఉన్నాయి. బావ మాటలో అంతా ఉంది.

సావుకారు సంగతి కూడా చెప్పాలి. నావ బాగుచేయించడానికి, కొత్త బోన్లు కొనడానికి, ఇంట్లో ఆపద వస్తే, అడ్వాన్సు ఇచ్చేది ఆయనే. అడ్వాన్సు తీసుకున్నవాడు పట్టిందంతా ఆయనకే ఇవ్వాలి, ఆయన చెప్పిన రేటుకే ఇవ్వాలి. అలాంటి మనిషితో "పర్యావరణం కోసం నాలుగు పీతలు వదిలెయ్" అనడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. ఆ నాలుగు పీతలే ఆ రోజు కూలి కావచ్చు. త్యాగం ఎవరు చేయాలన్నది తేల్చకుండా సుస్థిరత గురించి మాట్లాడకూడదు.

అయితే కొనేవాడి చేతిలో ఎంత బలం ఉందో 2020 జనవరిలో కళ్లారా చూశాం. చైనాలో కరోనా మొదలై అక్కడికి బతికున్న పీతల ఎగుమతి ఆగిపోయేసరికి మన తీరంలో మండ పీత రేటు ఒక్కసారిగా పడిపోయింది. ఎక్కడో ఉన్న నగరంలో భోజనాల బల్లలు ఖాళీ అయితే కోనసీమలో కాటా ఆగింది. సముద్రానికి అవతలివాళ్లు కొనడం ఆపితే అంత జరిగినప్పుడు, రాత్రి బయల్దేరిన బండి తెల్లారేసరికి చేరే హైదరాబాద్ ఏం కొంటుందో, ఏం కొనదో అన్నదానికి బలం లేదని ఎలా అంటాం?

ఇక బోను సంగతి. ఇది తేలిగ్గా బాగుపడేది. బోను కింది అంచున, పీత నడిచే ఎత్తులో, ఒక గట్టి చట్రంతో సందు వదిలితే చిన్న పీతలు వాటంతట అవే బయటికి పోతాయి. పీత పక్కకి నడుస్తుంది కాబట్టి సందు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉండాలి. ఎత్తు ఎంత ఉండాలన్నదే కీలకం, ఏ సైజు పీత ఆగాలో దాన్ని బట్టి అది తేలుతుంది. ఆస్ట్రేలియాలో, అమెరికా పశ్చిమ తీరంలో ఇలాంటివి ఎప్పటినుంచో వాడుతున్నారు. కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో డంజనెస్ అనే అక్కడి పీతల బోనుకి నాలుగుంపావు అంగుళాల వ్యాసంతో రెండు రింగులు ఉండి తీరాలి.

దీనివల్ల జాలరికి నష్టమని మొదట అనిపిస్తుంది. లాభమే ఉంది. చిన్నవి, పెద్దవి ఒకే బోనులో చిక్కుకుంటే ఊరుకోవు. పెద్దది చిన్నదాని కాళ్లు పీకేస్తుంది, మెత్త పెంకుతో ఉన్నది దొరికితే తినేస్తుంది. ఆ గొడవలో పెద్దదాని డెక్క కూడా ఊడొచ్చు, డెక్క లేని పీతకి కాటా దగ్గర రేటు సగానికి దిగిపోతుంది. ఎర కూడా చిన్నవి ముందే ఖాళీ చేస్తే పెద్దది ఎందుకు వస్తుంది? బావ తన బోన్లలో కొన్నిటికి మా వీధి వెల్డింగ్ షాపులో చేయించిన చట్రాలు కట్టి చూశాడు. తనకి నచ్చిందల్లా పని తగ్గడం. నావలో కూర్చుని చిన్నవాటిని ఏరి పారేసే పని పోయింది, చీకటి పడకముందే ఒడ్డుకి వస్తున్నాడు.

ఇంతకన్నా ముఖ్యమైంది పోగొట్టుకున్న బోన్ల గురించి. మోటారు పడవ ఫ్యానుకి తాడు తెగుతుంది, మడ వేరుకి చిక్కుకుంటుంది, వాయుగుండం వస్తే కొట్టుకుపోతుంది. నైలాన్ కుళ్లదు. అడుగున పడిపోయిన బోను వేట ఆపదు. లోపల ఎర అయిపోయినా ఒక పీత దూరుతుంది, తిండి లేక చస్తుంది, దాని వాసనకి ఇంకోటి వస్తుంది, అది చస్తుంది. చువ్వలు తుప్పు పట్టి, వల చిరిగేదాకా ఇలా నెలల తరబడి ఎవరికీ అన్నం పెట్టని వేట సాగుతుంది.

దీనికి మందు పది రూపాయల నూలు తాడు. బోను తలుపునో, ఒక పక్క వలనో నైలాన్‌తో కాకుండా నూలు తాడుతో కుట్టాలి. నీళ్లలో కొన్నాళ్లకి నూలు కుళ్లి తెగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, లోపలివి బయటపడతాయి. రోజూ వాడే బోనుకి ఎప్పటికప్పుడు తాడు మార్చుకుంటారు, పోయిన బోను దానంతటదే నిరాయుధమైపోతుంది. డంజనెస్ బోన్లకి ఇదీ నిబంధనే. ఎంత తేలిక పరిష్కారమో! మన తీరంలో ఎందుకు రాలేదంటే, ఎవరూ అడగలేదు కాబట్టి.

అమెరికాలో చెసపీక్ ఖాతం ఉదాహరణ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అక్కడ జాలరులని పక్కన పెట్టలేదు. 2008 నాటికి నీలి పీతలు బాగా తగ్గిపోయాయి. ఆ ఏడాది ఆడ పీతల వేటని దాదాపు మూడో వంతు తగ్గించాలని నిర్ణయించారు, వర్జీనియా చలికాలపు పీతల వేటని ఆపేసింది. పని పోయిన జాలరులకే డబ్బిచ్చి పోయిన బోన్లని వెతికి తీయమన్నారు. ఆరు చలికాలాల్లో 34,000కి పైగా బోన్లు పైకి తీశారు. దానివల్ల అదనంగా పట్టుబడిన పీతల విలువ రెండు కోట్ల డాలర్లు దాటిందని 2016లో పరిశోధకులు లెక్కగట్టారు. ఆడ పీతలకి ఊపిరి దొరికిన రెండేళ్లలోనే ఖాతంలో పీతలు మళ్లీ పెరిగాయి.

"అదంతా అమెరికా, అక్కడ లైసెన్సులు, ఇన్‌స్పెక్టర్లు ఉంటారు, ఇక్కడ సాధ్యమా?" అని నా స్నేహితులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి కేరళ వైపు చూపిస్తాను. కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో మట్టి గుల్లలు ఏరుకుని బతికేవాళ్లు మన జాలరుల్లాంటి చిన్న కుటుంబాలే. దిగుబడి పడిపోతున్నప్పుడు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపాలని, వల కన్ను పెద్దదిగా ఉండాలని, చిన్న గుల్లలు ఎగుమతి చేయకూడదని నియమాలు పెట్టుకున్నారు. 2014లో ఆ వేటకి, సముద్రాన్ని ఖాళీ చేయని వేటలకి ముద్ర వేసే అంతర్జాతీయ సంస్థ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ గుర్తింపు వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. కేరళ ప్రభుత్వం అక్కడితో ఆగలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) సూచనలతో 2015లో 14 రకాలకి, తర్వాత మరిన్నిటికి, ఇంతకన్నా చిన్నవి పట్టకూడదని కొలతలు ప్రకటించింది.

మన ఊళ్లలోనూ ఇన్‌స్పెక్టర్ కన్నా బలమైనది ఒకటి ఉంది. కట్టుబాటు. ఫలానా రోజు వేటకి వెళ్లకూడదని ఊరి పెద్దలు చెప్తే ఎవరూ నావ దింపరు. దింపినవాడు అందరి ముందూ తప్పు కట్టాలి. అమ్మవారి జాతరకి, ఊళ్లో చావు జరిగినప్పుడు ఇది ఎలా అమలవుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. "అవతలోడు వదుల్తాడా" అన్న బావ ప్రశ్నకి జవాబు కట్టుబాటులోనే ఉంది. గుడ్డు పీత, కొలత కన్నా చిన్న పీత ఈ ఊరి కాటా ఎక్కకూడదని పక్కపక్క ఊళ్లు నాలుగూ కలిసి అనుకుంటే చాలు. కానీ పెద్దలు ఆ మాట అనాలంటే ఆ ఊళ్ల రాబడి పడిపోదన్న భరోసా ఉండాలి. మళ్లీ రేటు దగ్గరికే వచ్చాం.

కొలత దగ్గర ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. మన ఉప్పుటేరుల్లో మండ పీతలు రెండు రకాలు. ఒకటి పెద్దది, ఆకుపచ్చ ఛాయతో కాళ్ల మీద గళ్లు ఉండేది, కిలో దాటి పెరుగుతుంది. రెండోది చిన్నది, ఎర్రటి గోధుమ రంగుది, తక్కువ సైజులోనే ఈడుకి వస్తుంది. రెండింటికీ ఒకే కొలత పెడితే చిన్న రకం మీద బతికేవాళ్లకి అన్యాయం జరుగుతుంది, లేదా పెద్ద రకం పిల్లగా ఉండగానే పట్టుబడుతుంది. విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ ప్రాంతీయ కేంద్రం ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. ఈ లెక్క తేల్చాల్సింది వాళ్లు, జాలరులని పక్కన కూర్చోబెట్టుకుని. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆడవాటిని వదిలేశాం కదా అని మగవాటిని ఊడ్చేస్తే ఆడవాటికి జత దొరకదు. అందుకే మగదానికీ కొలత ఉండాలి, జత కట్టే అవకాశం వచ్చాకే అది మన కూరలోకి రావాలి. డంజనెస్ వేటలో ఆడవాటిని అసలు తీసుకోరు, మగవాటికీ ఆరుంపావు అంగుళాల కొలత ఉంది, పెంకు మెత్తబడే కాలంలో వేట ఆపుతారు. ఈ మూడూ కలిపే దశాబ్దాలుగా ఆ వేటని నిలబెట్టాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మన మండ పీతకే ఆడదాన్ని పట్టడం నిషేధం, మగదానికి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి.

హేచరీలు వస్తే ఈ గొడవంతా ఉండదనేవాళ్లూ ఉన్నారు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా కింద ఉన్న రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడులో మండ పీతల హేచరీ నడుపుతోంది, అది మంచి పని. చెరువుల్లో పీతలు పెంచేవాళ్లు హేచరీ పిల్లలే కొనాలి, ఉప్పుటేరుల్లోంచి పిల్లల్ని ఊడ్చుకుపోవడం ఆగాలి. కానీ హేచరీకి కూడా గుడ్డు తల్లి కావాలి, అది వచ్చేది మడ అడవి నుంచే.

ఇక వేట నిషేధం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. మోటారు లేని నావలకి అది వర్తించదు, బోన్ల వేట సాగుతూనే ఉంటుంది. అది సరైనదే, ఆ రెండు నెలలు వాళ్లు ఏం తిని బతకాలి? కానీ సరిగ్గా అప్పుడే, జూన్ మొదట్లో, మన హైదరాబాద్‌కి మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినని ఇల్లు తక్కువ. సముద్రపు సరుకు తక్కువగా ఉన్న రోజుల్లో గిరాకీ ఆకాశంలో ఉంటే ఆ బరువంతా చెరువు చేపల మీద, ఉప్పుటేరుల మీద పడుతుంది. మృగశిరకి మన చెరువుల బొచ్చె, రవ్వ, కొర్రమీను ఉన్నాయి. ఆ వారం పీతల జోలికి పోకపోతే ఏం తక్కువవుతుంది?

ఈ ఊరికీ పీతకీ ఏం సంబంధం అనుకునేవాళ్లకి ఒక మాట. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు 2006 నుంచి ఇక్కడే ఉంది, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లేవాళ్లందరూ చూసే ఆ చేప ఆకారపు భవనం అదే. మా ఇంటికి దగ్గర్లో ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. దేశంలోని జాలరులందరికీ అలల ఎత్తు, చేపలు దొరికే చోటు గురించి హెచ్చరికలు వెళ్లేది అక్కడి నుంచే. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ "బోన్లు ఎత్తి ఒడ్డుకి చేర్చండి" అన్న ఒక్క వాక్యం తెలుగులో కలిపితే ఎన్ని బోన్లు నీళ్ల పాలు కాకుండా ఉంటాయో. సముద్రం లేని ఈ ఊళ్లోనే సముద్రం గురించి ఇన్ని నిర్ణయాలు జరుగుతున్నాయి.

మనం చేయాల్సింది వంటింటికి దగ్గరది. మగ పీత అడగండి, అరకిలోకి తగ్గనిది అడగండి. పొట్ట తిప్పి చూపించమనండి, రేకు కోసుగా ఉందో లేదో చూడండి. అమావాస్య పీత గట్టిది, పున్నమి పీత డొల్ల అని అమ్మేవాళ్లు చెప్తారు. పంచాంగం కన్నా మీ బొటనవేలిని నమ్మండి. కాళ్లు మొదలయ్యే చోట అడుగు పెంకుని నొక్కితే లొత్త పడిందంటే అది ఈమధ్యే పెంకు మార్చుకున్నది, లోపల నీళ్లు తప్ప కండ ఉండదు. గట్టిగా ఉంటే తీసుకోండి. ఇగురుకైనా వేపుడుకైనా మగ పీత డెక్కల్లో ఉండే కండకి సాటి లేదని, గుడ్డు రుచి మరిగినవాళ్లు ఒకసారి పక్కపక్కన పెట్టుకుని తిని చెప్పాలి.

మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని కుటుంబాలం కలిసి బావ ఊరి నుంచి పీతలు తెప్పించుకుంటాం. పెద్ద మగవి మాత్రమే, గుడ్డు పీతకి అక్కడ పలికే రేటుకే. అంటే బావకి గుడ్డు పీత వదిలేస్తే పోయే తేడా మేం భరిస్తున్నాం. ఇది చిన్న ఏర్పాటు, దీనివల్ల గోదావరి మారిపోదు. కానీ పెద్ద హోటళ్లు, యాప్‌లు ఇదే పని చేస్తే మారుతుంది. "గుడ్డున్న ఆడ పీత" అని ప్రత్యేకంగా పేరు పెట్టి అమ్మే వరస తీసేసి, "పెద్ద మగ పీత, సందున్న బోనులో పట్టింది" అని రాసి దానికి ఎక్కువ ధర పెట్టమనండి. కొనేవాళ్లం అడిగితే పెడతారు.

ఆంధ్రప్రదేశ్‌కి 1994 నుంచి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. కేరళ తన చట్టం కింద చేసినట్టే, మండ పీత రెండు రకాలకీ వేర్వేరు కొలతలు ఇక్కడా ప్రకటించాలి, గుడ్డు పీత అమ్మకం ఆపాలి, నూలు తాడు తలుపు, సందు ఉన్న బోన్లు జాలరులకి సబ్సిడీ మీద ఇవ్వాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఇంతకన్నా పెద్ద పెద్ద పనులకి డబ్బు వెళ్లింది. తెలంగాణ మత్స్యశాఖ చేయాల్సింది ఇంకా తేలిక. ఆ కొలతకి తగ్గనివే, గుడ్డు లేనివే ఇక్కడి హోల్‌సేల్ మార్కెట్లలో దిగాలన్న నియమం పెట్టి, కాటా పక్కన ఒక కొలబద్ద వేలాడదీయాలి. నిషేధం ముగిసి మర పడవలు సముద్రంలోకి దిగే జూన్ 15 నుంచి, వచ్చే ఏడాదే, ఒక్క రాంనగర్‌లో మొదలుపెట్టినా చాలు. పీతల బండి ఎక్కించేటప్పుడు కాకినాడలో వ్యాపారి ఆ కొలత చూసుకోవడం మొదలుపెడతాడు.